గీతల్లేని డిస్కు

పదేళ్ళ కిందట ఒక అబద్ధం ఆడాను. నాలుగైదు మాటలంతే. ఆడడానికి ఫ్యాన్ స్విచ్ వేసేంత సేపు కూడా పట్టలేదు. మోయడమే కష్టమైంది. ఇన్నేళ్ళూ మోశాను, ఇంకా దించలేదు. పాపభీతితో ఇది రాస్తున్నానని అనుకోకండి. దేవుడు గుర్తొచ్చి కూడా కాదు. అలసిపోయాను, అంతే. ఒట్టి అలుపుతో రాస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పుకుంటే సగంలోనే ఆపి, "పోనీలే అబ్బయా, లోకంలో ఎవురు చెయ్యలా తప్పులు" అంటారు. ఆ ఓదార్పు నాకొద్దు. చివరిదాకా వినేవాళ్ళు కావాలి. ఈ ఆదివారం లోపల నేను ఒక కాగితం రాయాలి. నాలుగు రోజులుగా కూర్చుంటున్నాను, పెన్ను కదలడం లేదు. ముందు మొత్తం ఒకసారి ఎవరికైనా చెప్పేస్తే ఆ కాగితం రాయగలనేమో. అందుకే మీకు.

నేను ఫోటోగ్రాఫర్‌ని. ఇప్పుడు ఆత్మకూరులో స్టూడియో. అంతకుముందు ఉదయగిరిలో ఉండేది, బస్టాండుకు దగ్గర్లో, తలెత్తితే కొండ మీద కోట గోడ కనిపించే చోట. పేరు చెప్పను. చెప్పే ధైర్యం ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఉదయగిరిలో ఉన్నప్పుడు నా దగ్గరొక కెమెరా ఉండేది. చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. చిన్న కంపెనీది. దానితో తీస్తే మనిషి ఒంటిరంగు ఉన్నదున్నట్టు వచ్చేది, ఎండలో తిరిగే మన చామనఛాయ మొహాలకు దాన్ని మించిన కెమెరా నేను చూడలేదు. నేను కొన్న రెండేళ్ళకే ఆ కంపెనీ కెమెరాలు చేయడం మానేసింది. నేను పట్టించుకోలేదు. కెమెరా పనిచేస్తోంది కదా, కంపెనీతో మనకేం పని అనుకున్నాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు సరిగా అర్థం కాదు. కెమెరా తీసిన బొమ్మను ఏ మార్పూ చేయకుండా పచ్చిగా దాచుకునే ఫైలు ఒకటుంటుంది. మా పనిలో దాన్ని రా ఫైలు అంటాం. అది ఫోన్లో కనపడదు, టీవీలో కనపడదు. ఏ కంపెనీ రా ఫైలు ఆ కంపెనీదే, దేని పద్ధతి దానిదే. ఆ కెమెరాను ఎరిగిన సాఫ్ట్‌వేర్ ఉంటేనే తెరుచుకుంటుంది. దాన్ని తెరిచి, వెలుతురు, రంగు సరిచేసి, మామూలు ఫోటోగా మార్చి ఇవ్వడమే మా పనితనం. పెళ్ళివాళ్ళకు ఇవ్వాల్సింది ఆ మామూలు ఫోటోలు. రా ఫైళ్ళు ఇవ్వడమంటే అన్నం పెట్టమన్నవాడి విస్తట్లో వడ్లు పోయడమే.

నేను వడ్లే పోశాను. పెళ్ళిళ్ళ సీజన్లో ఒక్కో పెళ్ళికి వెయ్యి పైన ఫోటోలు, రోజుకు నాలుగైదు సార్లు కరెంటు కోత, నత్తలా కదిలే కంప్యూటర్. ఆల్బమ్‌కి కావలసిన ఫోటోలు మాత్రం మార్చేవాణ్ణి. మిగతా ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు డీవీడీలో ఎక్కించి, పైన మార్కర్‌తో పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు రాసి, మధ్యలో ఒక గుండె బొమ్మ గీసి ఇచ్చేవాణ్ణి. "అన్నీ ఇందులో ఉండాయి, బద్రంగా పెట్టుకోండి" అని ఒక మాట కూడా. ఎవరు తెరుస్తారులే అనుకునేవాణ్ణి. నిజంగానే ఎవరూ తెరవలేదు. అందరూ ఆల్బమ్ చూసుకుని మురిసిపోయి డిస్కును బీరువాలో పడేసేవాళ్ళు. ఎన్ని ఇళ్ళకు అలా ఇచ్చానో ఇప్పుడు లెక్క పెట్టడం నా వల్ల కాదు.

అలా ఇచ్చినవాటిలో ఒకటి మాల్యాద్రి పెళ్ళిది. సీతారామపురం దాటి లోపలికి పోతే వాళ్ళ ఊరు, గొర్రెలు కాసే కుటుంబం. మాల్యాద్రి, వాళ్ళమ్మ చెంచమ్మ, కొత్తగా వచ్చిన కోడలు రవణమ్మ. తండ్రి అప్పటికే లేడు. ఆ పెళ్ళి బాగా గుర్తుంది నాకు. తలంబ్రాలప్పుడు రవణమ్మ పోసిన బియ్యం గింజ ఒకటి అతని కంట్లో పడింది. ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో ఆ పిల్లను చూస్తూ పగలబడి నవ్వాడు. తీశాను. మంచి ఫోటో అని తీస్తున్నప్పుడే తెలిసింది. అయినా ఆల్బమ్‌లో పెట్టలేదు. పెళ్ళికొడుకు కన్ను మూసుకున్న ఫోటో పెడితే పెద్దవాళ్ళు బాగాలేదంటారని పక్కన పెట్టేశాను.

పెళ్ళయిన నాలుగేళ్ళకు అతను పోయాడు. ఎండాకాలం పచ్చిక కోసం మందను అనంతసాగరం వైపు తోలుకుపోయి, తెల్లవారుజామున రోడ్డు దాటిస్తుంటే లారీ కొట్టింది. అప్పటికి నేను ఆత్మకూరుకు మకాం మార్చి ఏడాది. కొత్త షాపు, కొత్త కంప్యూటర్, కొత్త సాఫ్ట్‌వేర్. పాత కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. ఆ చిన్న కంపెనీ ఫైళ్ళను తెరిచే పాత సాఫ్ట్‌వేర్ అందులోనే ఉండేది. కెమెరాతో పాటొచ్చిన సీడీ కూడా దాని డ్రైవులోనే ఉండిపోయింది. ఇచ్చేటప్పుడు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వేలితో ఆ ట్రే బటన్ నొక్కి చూసి ఉంటే? చూడలేదు.

పెద్దకర్మకు ముందు వాళ్ళు నా దగ్గరకు వచ్చారు. రెండు బస్సులు మారి, ఆత్మకూరులో నా షాపు ఎక్కడుందో అడుక్కుంటూ, మిట్టమధ్యాహ్నం. చెంచమ్మ, రవణమ్మ, రవణమ్మ చంకలో రెండేళ్ళు నిండని ఆడపిల్ల. వాళ్ళు వచ్చే సమయానికి నా షాపులో ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. బజారులో టోకు వ్యాపారం ఆయనది, పెద్ద కుటుంబం, కూతురి పెళ్ళి. ఊళ్ళో పేరున్న స్టూడియోలన్నీ వదిలి నా దగ్గరకు వచ్చాడని నేను అప్పటికే సగం గాల్లో ఉన్నాను. ఆయనకు కూల్ డ్రింక్ తెప్పించి, "మా దగ్గర తీయించుకుంటే వందేళ్ళయినా చెక్కుచెదరదు సార్, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసిస్తాం" అని చెప్పి ఐదు నిమిషాలు కూడా కాలేదు.

చెంచమ్మ వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి ఇక ఏడుపు రాని మొహం. వాన కురిసిన రోజు కప్పు కారి ఆల్బమ్ తడిసిందని, పేజీలు అతుక్కుపోయాయని, విడదీస్తే మొహాలు ఊడొచ్చాయని చెప్పింది. అతని ఫోన్ అతనితో పాటే నలిగిపోయింది. ఆధార్ కార్డు మీది ఫోటోను ఉదయగిరిలో ఎవరో పెద్దది చేసిచ్చారట. "అది నా కొడుకు కాదు నాయనా, ఎవురో దొంగోడి మాదిరి ఉండాడు" అంది. రవణమ్మ చంకలోని పిల్లను దించి, సంచిలోంచి ఒక చీర తీసింది. ఎర్రంచు తెల్లచీర, తలంబ్రాలనాటిది. మడత మీద మడత విప్పితే లోపల నేనిచ్చిన డిస్కు. నేను గీసిన గుండె బొమ్మ మాసిపోకుండా ఉంది.

డ్రైవులో పెట్టాను. కాపీ కొట్టాను. పచ్చ పట్టీ మెల్లగా పాకుతూ చివరిదాకా పోయింది. ఒక్క ఎర్రర్ లేదు. ఫైళ్ళన్నీ వచ్చేశాయి. ఈ మాట దయచేసి గుర్తుపెట్టుకోండి, నేను దాచింది ఇదే. అన్నీ వచ్చేశాయి. తెరుద్దామని నొక్కితే ఈ ఫైలు రకాన్ని గుర్తించలేమని కొత్త సాఫ్ట్‌వేర్ చెప్పింది. ఇంకొకటి నొక్కాను. అదే. పదో ఫైలు, వందో ఫైలు. ఏం జరిగిందో నాకు ఆ క్షణమే అర్థమైంది.

చెంచమ్మ కౌంటర్ మీదికి వంగి స్క్రీన్ వంకే చూస్తోంది. "ఏంది నాయనా, వచ్చినాడా మావోడు?"

వ్యాపారస్థుడు కూల్ డ్రింక్ పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"లేదమ్మా," అన్నాను. "డిస్కు మీద గీతలు పడినాయి. మీరు సరిగా పెట్టుకోలా."

రవణమ్మ ముందు అర్థం కానట్టు చూసింది. "గీతలా? పెళ్ళిచీరలో చుట్టి పెట్టెలో పెట్టినానన్నా. ఎవుర్నీ తాకనీలా. నేను గూడా తీయలా."

"మరి పడినాయి గదా. నన్నేం చెయ్యమంటావు?"

ఆమె డిస్కును అడిగి తీసుకుంది. ట్యూబ్‌లైటు కిందికి పోయి పైకెత్తి పట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. వెలుగు దాని మీద రంగులు రంగులుగా జారుతోంది. "యాడన్నా గీత?" అంది. కోపంగా కాదు. నిజంగా వెతుకుతోంది ఆ పిల్ల.

"కంటికి కనపడవమ్మా. లోపల లేజర్‌కి కనపడతాయి."

ఈ వాక్యం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఎవరూ నేర్పలేదు, ముందుగా ఆలోచించిందీ కాదు. అంత తేలిగ్గా అబద్ధం నోటికందిందంటే అది నాలో ఎప్పటి నుంచి సిద్ధంగా ఉందో మరి.

"పల్లెటూరోళ్ళకి ఇస్తే అంతేలేవయ్యా," అన్నాడు వ్యాపారస్థుడు, నన్ను వెనకేసుకొస్తున్నట్టు.

చెంచమ్మ అప్పుడు కోడలి వైపు తిరిగింది. అందరి ముందూ, నడి షాపులో, పిల్ల కళ్ళెదురుగా అంది. "నా కొడుకుని మింగినావు. వాడి మొహం గూడా మింగినావే. ఇంకేం మిగిల్చినావే నాకు?"

రవణమ్మ డిస్కును మళ్ళీ చీరలోనే చుట్టింది, పాడైపోయిందన్న డిస్కును అంత జాగ్రత్తగా. పిల్లను ఎత్తుకుంది. ఇద్దరూ వెళ్ళిపోయారు. వ్యాపారస్థుడి కూతురి పెళ్ళి నేనే తీశాను. ఫోటోలు బాగా వచ్చాయని అందరూ మెచ్చుకున్నారు.

ఎందుకు చెప్పాను? ఈ ప్రశ్నను ఎన్నిసార్లు వేసుకున్నానో. పరువు కోసమే, ఇంకేమీ కాదు. "అమ్మా, నా దగ్గర తెరుచుకోవడం లేదు, రెండు రోజులు టైమియ్యి, నెల్లూరులో కనుక్కుంటా" అని ఉంటే సరిపోయేది. ఆ వ్యాపారస్థుడు లేచి వెళ్ళిపోయేవాడేమో. పోతే పోయేవాడు! ఆయన కాకపోతే ఇంకొకరు. ఒక గిరాకీ కోసం ఒక ఇంట్లో ఒక ఆడపిల్ల నోరు నొక్కేశాను. నిజానికి ఆ రోజే ఆ మొహం బయటపడేది. దాదాపు ఏ రా ఫైలు తీసుకున్నా దాని లోపల ఒక చిన్న మామూలు బొమ్మ దాగి ఉంటుందని, దాన్ని బయటికి లాగే చిన్న ప్రోగ్రాములు ఊరికే దొరుకుతాయని ఈ మధ్యే తెలిసింది. పటం కట్టడానికి అదే చాలేది. ఎవరినైనా ఒక్క ఫోన్ చేసి అడిగి ఉంటే తెలిసేది. అడిగితే అబద్ధం బయటపడుతుందని అడగలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, సిగ్గుగా ఉంది.

ఏడాదో, రెండేళ్ళో గడిచాక వాళ్ళ ఊరి కాపరి ఒకతను పాస్‌పోర్ట్ ఫోటోలకు వచ్చాడు. కువైట్‌లో గొర్రెలు మేపడానికి పోతున్నాడట. మాటల్లో మాటగా చెంచమ్మ ఎలా ఉందని అడిగాను. "ఆయమ్మ కోడల్ని ఇడిసిపెట్టదన్నా," అన్నాడు నవ్వుతూ. "పాలు పొంగినా డిస్కు మాటే. గొర్రిపిల్ల తప్పిపోయినా డిస్కు మాటే. 'మొగుడి మొహం కాపాడలేనిదానివి, నువ్వేం కాపాడతావే' అంటాది. ఆ రవణమ్మ మాట్టాడదు." గడ్డం కాస్త పైకెత్తమని అతనికి చెప్పి నేను ఫోటో తీశాను. నాలుగుసార్లు తీయాల్సి వచ్చింది.

ఆ తర్వాత నుంచి నాకొక జబ్బు పట్టుకుంది. నేను వాడే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా అది ఏయే కెమెరాల ఫైళ్ళు తెరుస్తుందో ఆ జాబితా తీసి చూసేవాణ్ణి. నిన్నగాక మొన్న పుట్టిన కెమెరాలన్నీ ఉండేవి. నాది ఉండేది కాదు. వాళ్ళనేం అంటాం? ఎవరూ కొనని కెమెరా కోసం ఎవరు శ్రమపడతారు? మాల్యాద్రి ఫోల్డర్ మాత్రం నా హార్డ్ డిస్కులో అలాగే ఉండేది. పాత హార్డ్ డిస్కు నుంచి కొత్తదానికి, అక్కడి నుంచి ఇంకో కొత్తదానికి మార్చుకుంటూ వచ్చాను. చెడగొట్టిన చేతులతోనే కాపలా కాశాను. ఇదేం న్యాయమో నన్నడగకండి.

ఐదేళ్ళ కిందట నెల్లూరులో ఒక కుర్ర ఫోటోగ్రాఫర్ ఇంకో సాఫ్ట్‌వేర్ గురించి చెప్పాడు. డబ్బులివ్వక్కర్లేదు. ఏయే దేశాల్లోనో కూర్చున్న మనుషులు తీరిక వేళల్లో రాస్తారట దాన్ని. షాపుకు వచ్చి దాని జాబితా తెరిచాను. కిందికి, కిందికి, ఇంకా కిందికి పోయాను. నా కెమెరా పేరుంది. పేరే కాదు, మోడల్ నంబర్‌తో సహా. మొహం తెలియని ఎవరో మనిషి, ఎవరికీ పట్టని ఆ కెమెరా కోసం కూర్చుని, దాని లెక్కలన్నీ విప్పి రాసిపెట్టాడు. ఏ కెమెరానూ జాబితాలోంచి తీసెయ్యరట వాళ్ళు. ఆ మనిషికి చెంచమ్మ ఎవరో తెలియదు, సీతారామపురం ఎక్కడుందో తెలియదు. తెలిసిన నేనేం చేశాను? కుర్చీలో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. సిగ్గు లేకుండా ఏడ్చాను, షట్టరు సగం దించి.

ఫోల్డర్ తెరిస్తే బొమ్మలు ఒకటొకటిగా వచ్చాయి. పందిరి. మేళం వాళ్ళు. చెంచమ్మ కొడుక్కి బొట్టు పెడుతోంది. ఆ తర్వాత అతను. ఒక కన్ను మూసుకుని నవ్వుతున్నాడు. రంగు పెద్దగా సరిచేయాల్సింది కూడా లేదు, ఎండలో తిరిగిన ఆ ఒంటిరంగు అలాగే వచ్చింది.

పెద్ద సైజులో ప్రింటు తీసి, ఫ్రేము కట్టించి, నేనే తీసుకెళ్ళాను. మొత్తం చెప్పేద్దామనే బయల్దేరాను. ఆత్మకూరులో బస్సెక్కినప్పుడు చెప్పాలనే ఉంది. ఉదయగిరిలో దిగి టీ తాగినప్పుడూ ఉంది. సీతారామపురంలో ఆటో మాట్లాడుకునేటప్పటికి కొంచెం తగ్గింది. వాళ్ళ ఇంటి ముందు దిగేసరికి ఫ్రేము తప్ప నా దగ్గర ఏమీ మిగల్లేదు.

చెంచమ్మకు అప్పటికి చూపు మందగించింది. ఫ్రేమును ఒళ్ళో పెట్టుకుని, మొహం అద్దానికి ఆనించేంత దగ్గరికి వంచి చూసింది. "వచ్చినాడు," అంది. "ఒసే, వచ్చినాడే నా కొడుకు!" తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. నువ్వు మనిషివి కాదు, దేముడివి అంది. నా చేతులు వెనక్కి లాక్కోలేదు నేను. లాక్కుని ఉండాల్సింది.

రవణమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. "అన్నా, గీతలు పడినాయన్నావు గదా. ఎట్టా వచ్చినాయి?" అని అడిగింది.

చెప్పొచ్చు కదా? ఇంతకన్నా మంచి సమయం వస్తుందా? అత్త ఎదురుగానే ఉంది, వింటోంది. ఆ ఒక్క ప్రశ్నతో ఆ పిల్ల నాకు తలుపు తీసి పెట్టింది. "కొత్త సాఫ్ట్‌వేర్ అమ్మా," అన్నాను. "గీతలున్నా చదువుతాది."

"చూసినావా," అంది చెంచమ్మ కోడలితో. "నువ్వు పోగొడితే ఆ మారాజు యాడాడో తిరిగి తెచ్చిచ్చినాడు. ఇదన్నా బద్రంగా పెట్టు."

"సరే అత్తా," అంది రవణమ్మ. నాకు గ్లాసు మజ్జిగ తెచ్చిచ్చింది. ఉప్పు సరిపోయిందా అని అడిగింది. తాగాను. మొదటిసారి భయంతో అబద్ధం ఆడాను అనుకోవచ్చు. రెండోసారి? రెండోసారి నన్ను దేముడన్నారని ఆడాను. మొదటిదానికన్నా ఇదే ఎక్కువ పొడుస్తుంది నన్ను.

ఇది జరిగి ఐదేళ్ళు. పోయిన వారం రవణమ్మ షాపుకు వచ్చింది. ఒక్కతే. జుట్టు అక్కడక్కడ నెరిసింది. ఆ రోజు వ్యాపారస్థుడు కూర్చున్న బెంచీని ఒకసారి చూసి, దాని మీద కూర్చుంది.

"అత్త పోయిందన్నా," అంది. "ఆమెకి ఫోటో లేదు. ఆదార్‌ది ఎట్టుంటాదో నీకు తెలుసు గదా. మా పెళ్ళిలో ఆమెవి ఉంటాయి గదా, ఒకటి తీసియ్యి. ఆదివారం పెద్దకర్మ."

అని, సంచిలోంచి అదే చీర తీసింది. అంచు వెలిసిపోయింది. మడతలు విప్పి డిస్కును నా ముందు పెట్టింది. "నీకాడ ఉండాయో లేదోనని ఇది గూడా తెచ్చినా. గీతలు పడిందాంతో మళ్ళా నీకు శ్రమ."

నాకు శ్రమ అని బాధపడుతోంది! పదేళ్ళుగా నేను బిగబట్టుకున్నది అక్కడ తెగిపోయింది.

"గీతల్లేవమ్మా," అన్నాను.

"ఆఁ?"

"దాని మీద ఏనాడూ గీతల్లేవు. ఆ పొద్దు గూడా ఫైళ్ళన్నీ బాగానే వచ్చినాయి. నేనే తెరుచుకోని ఫైళ్ళు ఎక్కించి ఇచ్చినాను. నా తప్పు బయటపడతాదని నీ మీదికి తోసినాను."

ఆమె అరవలేదు. శాపనార్థాలు పెట్టలేదు. పెట్టి ఉంటే నాకు బాగుండేది. డిస్కును చేతిలోకి తీసుకుని, ఆ రోజులాగే ట్యూబ్‌లైటు కిందికి పోయి పైకెత్తి తిప్పి చూసింది.

"నేను చూసినాను గదన్నా ఆ పొద్దు," అంది. "ఒక్కటి గూడా కనపళ్ళా. నా కండ్లకే సూపు లేదేమో అనుకున్నా."

"తప్పయిపోయింది," అన్నాను.

"ఇప్పుడు చెప్తే ఎవురు ఇనాల? ఇనాల్సినామె పొయ్యె." డిస్కును దించి, మళ్ళీ బెంచీ మీద కూర్చుంది. ఆ తర్వాత, "నా బిడ్డ ఒకసారి అడిగింది. 'అమ్మా, నాయన ఫోటోలు నువ్వే పోగొట్టినావంట గదా' అని. అవుననే చెప్పినా. నువ్వు చెప్పినావు గదా మరి, సదువుకున్నోడివి. అవునేమో అనుకున్నా."

ఆమెకేసి చూడలేక టేబుల్ వైపు చూస్తున్నాను. డిస్కును మళ్ళీ చీరలో చుడుతున్న చప్పుడు వినిపించింది.

"రాసియ్యి," అంది. "నీ చేత్తో కాయితం మీద రాసియ్యి. నా బిడ్డ ఏడో తరగతి, బాగా సదువుతాది. నేను చెప్తే ఆమె గూడా నమ్మదు, అత్త పోయినాక నోరు లేస్తా ఉండాదంటారు ఊళ్ళో. ఆదివారం పొద్దున పటానికి వస్తాను. రెండూ కలిపియ్యి."

అంతే. తిట్టలేదు, క్షమించాననలేదు. బస్సుకు టైమవుతుందని లేచి వెళ్ళిపోయింది.

పటం ఆ సాయంత్రానికే సిద్ధమైంది. కొడుక్కి బొట్టు పెడుతున్న ఫోటోలోంచి చెంచమ్మ మొహం తీశాను. ఆ పెళ్ళి తర్వాత ఆమె మొహం అంత సంతోషంగా నేను ఎప్పుడూ చూడలేదు. పటం గోడకు ఆనించి ఉంది, నేను తలెత్తినప్పుడల్లా నా వైపే చూస్తోంది. కోడలి తప్పేమీ లేదని ఈమెకు ఇక ఎప్పటికీ తెలియదు. మాల్యాద్రి మొహం తిరిగి తెచ్చాను గానీ, ఈమె కోసం తేవాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. అది తెచ్చే దారి ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు, నాకు తెలుసు.

కాగితమే కుదరలేదు. మొదట రెండు పేజీలు రాశాను, కెమెరా గురించి, కంపెనీ మూతపడడం గురించి, కరెంటు కోతల గురించి. చదివితే అంతా నన్ను నేను వెనకేసుకురావడమే. చించేశాను. క్షమించమని ఒకటి రాశాను. పన్నెండేళ్ళ పిల్లను ఆ బరువు మోయమనడం ఏమిటని దాన్నీ చించేశాను. మీకు ఇదంతా చెప్పాక ఇప్పుడు రాశాను. నాలుగు వరుసలు వచ్చాయి.

"మౌనికమ్మకు. మీ నాయన ఫోటోలు మీ అమ్మ పోగొట్టలేదు. ఆ డిస్కును పెళ్ళిచీరలో చుట్టి ఎలా దాచిందో అది ఇప్పటికీ అలాగే ఉంది, దాని మీద ఒక్క గీత లేదు. గీతలు పడ్డాయని మీ అవ్వకు చెప్పింది నేను. అది అబద్ధం."

ఇన్నేళ్ళలో మొదటిసారి నా భుజాలు కాస్త కిందికి దిగినట్టున్నాయి. రేపు ఆ పిల్ల ఇది చదివి నన్నేమనుకుంటుందో నాకు తెలియదు, అడగను కూడా. మీకు నా పేరు చెప్పలేదు కదా. ఆ కాగితం కింద మాత్రం ఇంటిపేరుతో సహా రాసి, స్టూడియో ముద్ర వేశాను.